కలిగిన అసౌకర్యానికి

పదకొండుకి డాక్టరు వచ్చి అక్క కంటికి కట్టు విప్పుతాడు. ఇప్పుడు పదీ అయిదు. కళ్ళాసుపత్రి వరండాలో గోడ గడియారం చెబుతున్న మాట అది. పాతికేళ్ళుగా బస్టాండులో మైకు ముందు కూర్చుని రాకపోకలు చెప్పేవాడికి గడియారాల మీద గౌరవం ఉంటుంది గానీ నమ్మకం ఉండదు. మూడో బల్ల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడతను. ఒళ్ళో రేకు డబ్బా. ఒకప్పుడు బిస్కెట్లది, మూత మీది బొమ్మ గుర్రమో కుక్కో తెలియకుండా అరిగిపోయింది. తడిమి తడిమి అరగదీసింది అక్కే. లోపల ఆమె కూతురి ఉత్తరాలున్నాయి. నిన్న సాయంత్రం నర్సు నవ్వుతూ చెప్పింది, "మీ అక్కగారిది ఒకటే గోలండీ, కట్టు విప్పగానే ముందు మీ మొహం కూడా కాదట, ఆ డబ్బా చూస్తుందట, రేపు తీసుకురండి," అని. అతనూ నవ్వాడు. ఇంటికెళ్ళి మూత తెరిచి చూసి మూసేశాడు. మరిచిపోయానని చెప్పచ్చు. కానీ అక్క, "మరిచిపోవడానికి నీకేం వయసొచ్చిందిరా, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడివి," అంటుంది, ఇంకెవరినో పంపుతుంది, ఆ ఇంకెవరో మూత తెరుస్తారు. అందుకే తనే తెచ్చాడు, దొంగ తన మూట తనే మోసుకుని ఠాణాకి నడిచినట్టు.

డబ్బాలో పైన ఉన్న ఇరవై చిల్లర కాగితాలు ఉత్తరాలు కావు. బస్టాండులో గోడకి అంటించి, మారినప్పుడల్లా చింపేసే పాత టైంటేబుళ్ళు. మూడు మడతలు పెట్టి, గోటితో మడత నొక్కి, నెలకొకటి అక్క చేతిలో పెట్టాడు. పెట్టి, మళ్ళీ తీసుకుని, అందులో లేని కబుర్లు చదివి వినిపించాడు. మొదటిసారి అక్క కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, "అమ్మాయి ఈసారి మంచి కాగితం కొందిరా, జీతం పెరిగిందేమో," అని సంతోషించింది. ఆ రోజు అతనికి అన్నం సహించలేదు. రెండోసారి సహించింది. అదే అతనికి ఇప్పుడు గుర్తొస్తోంది, అక్క సంతోషం కాదు, రెండోసారి అన్నం సహించడం. టైంటేబుళ్ళ కింద ఉన్నవి అసలు ఉత్తరాలు, ఏడేళ్ళవి. వాటిలో ఉన్న మాట ఒక్కటీ అక్క ఇంతవరకు వినలేదు. పైవాటిలో అబద్ధం ఉంది, కిందివాటిలో నిజం ఉంది, రెండూ ఒకే డబ్బాలో ఒకే మడతల్లో పడుకుని ఉన్నాయి, ఇంకో యాభై అయిదు నిమిషాల్లో వాటి మీదికి ఒక కన్ను తెరుచుకోబోతోంది. అది అక్క కన్ను కూడా పూర్తిగా కాదు. ఎడమది ఎప్పుడో ఆరిపోయింది. కుడిదానికి, పోయినవారెవరిదో నల్లగుడ్డు మీది పొర తీసి కుట్టారు. ఎవరిదని అడిగితే చెప్పరట. ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ ఏం చూశాడో ఏమో, పోయాక కూడా ఇంకొకరి ఇంట్లో ఉత్తరాలు చదవాల్సిన పని పడింది.

ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. ఫినాయిలు వాసన. ఎదురుగోడ మీద అక్షరాల పట్టిక, పై వరసలో గుమ్మడికాయంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమలు. అతను అలవాటు కొద్దీ పై నుంచి కిందికి, ఆగకుండా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకుంటూ మనసులో చదివాడు. ఏ కాగితం కనబడినా అంతే, గొంతు తనంతట తను సవరించుకుంటుంది. వేళకి రావలసిన బస్సు వేళకి రాదు. అప్పుడు తను మైకు మీది గుడ్డ తీసి, "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము," అంటాడు. పూటకి ముప్ఫై సార్లు. వానాకాలం యాభై. మొదటి రోజుల్లో ఆ మాట అంటున్నప్పుడు కిటికీలోంచి చూసేవాడు, చంటిపిల్లనెత్తుకున్న తల్లి ఉసూరుమంటూ మూట మీద కూలబడడం, ఇంటర్వ్యూకి వెళ్ళవలసినవాడు చేతి గడియారాన్ని కొట్టుకోవడం, చూస్తే నిజంగానే చింత కలిగేది. కొన్నాళ్ళకి చూడడం మానేశాడు. చూడకపోతే గొంతు ఇంకా బాగా పలికింది. "ఏం గొంతయ్యా, బస్సు రాకపోయినా ఫరవాలేదనిపిస్తుంది," అన్నారు పైవాళ్ళు. బస్టాండులో టీ కొట్టాయన పేరే పెట్టాడు, చింతగారు అని. "చింతగారూ, టీ చల్లారింది, చింతిస్తున్నాం!" అని అరిస్తే డ్రైవర్లూ కండక్టర్లూ పగలబడి నవ్వేవారు. కిందటేడు ఆ వాక్యాన్ని టేపు మీదికి ఎక్కించారు, మాటిమాటికీ ఆయన నోరు నొప్పెట్టడం ఎందుకని. ఇప్పుడు, ఈ నిమిషాన, తను ఇక్కడ ఫినాయిలు పీలుస్తుంటే అక్కడ తన గొంతు తను లేకుండానే క్షమాపణ చెప్పుకుంటూ ఉంటుంది. ఎవరు చెబుతున్నట్టు అది? ఎవరికి చేరుతున్నట్టు?

అక్క మాత్రం ఆ గొంతుని సాగనిచ్చేది కాదు. ఉత్తరం చదువుతుంటే మధ్యలో మోకాలి మీద కొట్టి, "స్టేషన్లో చదివినట్టు చదవకురా, అది నా కూతురు, ఆరో నంబరు బస్సు కాదు," అనేది. "నీ గొంతు అమ్మితే ఊరు కొనచ్చు, మనసు అమ్మితే గవ్వ రాదు." నోటికొచ్చినట్టు తిట్టగలదు, ఆ తిట్లలోనే ప్రేమంతా దాచుకోగలదు. అమ్మ పోయినప్పుడు తనకి నాలుగేళ్ళు, అక్కకి పదమూడు. ఆనాటి నుంచి తనకి తెలిసిన చెయ్యి ఆమెదే. ఆ చెయ్యి మీద గాటొకటి ఉంది, కత్తిపీట గాటు, తను ఏడుస్తుంటే తిరిగి చూడబోయి తెగ్గోసుకున్నది. కళ్ళు పోయాక ఆమె ఆ చేత్తోనే అతని మొహం తడిమి, "చిక్కావురా," అనేది, చిక్కకపోయినా. పక్కింటి టీచరమ్మ ఒకసారి, "నేను ఇంకోసారి చదివి పెట్టనా అమ్మా ఉత్తరం, తమ్ముడుగారు వచ్చేదాకా ఎందుకు," అంటే, "వద్దు తల్లీ, వాడి గొంతులో తప్ప నాకెక్కదు," అందట. టీచరమ్మ మెచ్చుకోలుగా ఆ మాట గుమ్మంలోనే అప్పజెప్పింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

మొదటి ఉత్తరం రోజు ఎండ ఎలా ఉందో కూడా అతనికి గుర్తు. మేనకోడలు ఇంట్లోంచి వెళ్ళి అప్పటికి మూడు నెలలు. వెళ్ళే ముందు వంటింట్లో తల్లీకూతుళ్ళు మాటా మాటా అనుకున్నారు. అక్క చూపు అప్పటికే మసకబారి, గిన్నె అనుకుని మంట మీద చెయ్యి పెట్టింది, అమ్మాయి గిన్నె లాగి విసిరేసి, "నీ గుడ్డితనానికి జీవితమంతా కాపలా కాయడం నా వల్ల కాదమ్మా," అంది. దూరపు ఊళ్ళో ఉద్యోగం కాగితం అప్పటికి వారం రోజులుగా ఆమె సంచిలో ఉంది. అక్క గోడ పట్టుకుని నిలబడి, "వెళ్ళు. నేను నా నోటితో రమ్మనేదాకా ఈ గడప తొక్కకు," అంది. తను గుమ్మంలో చెప్పులు విప్పుతూ అంతా విన్నాడు. ఉత్తరం ఇంటికి కాక బస్టాండుకి, మామయ్య పేరు మీద వచ్చింది. అమ్మా, నేనన్న మాటకి నన్ను క్షమించు, ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది, ఏం తిన్నా అదే చేదు, రమ్మను, రేపే వస్తాను. ఇంటికి తెచ్చేసరికి అక్క జ్వరంతో మూలుగుతోంది. ఈ ఉత్తరం వింటే లేచి కూర్చుని ఏడుస్తుంది, జ్వరం ఎక్కువవుతుంది, అని నిజంగానే అనుకున్నాడు. ఆ నిజంగానే అన్నది ఎంతవరకు నిజమో తొమ్మిదేళ్ళుగా తవ్వుతున్నాడు, అడుగు తగల్లేదు. "ఏం రాసిందిరా?" అంది అక్క. "బాగానే ఉన్నానని రాసింది. పని ఎక్కువగా ఉందట." "అంతేనా?" "అంతే." అక్క గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం తగ్గాక చెబుదామనుకున్నాడు. జ్వరం తగ్గింది. అప్పుడు ఇంకోటి తట్టింది: అమ్మాయి వస్తే అక్కని తనతో తీసుకుపోతుంది. తీసుకుపోతే మిగిలేది ఈ రెండు గదులూ, ఈ గడియారం, ఈ కుండలో నీళ్ళూ, తనూ. పెళ్ళి వద్దనుకున్నది అక్క కోసమే అని అందరితో అన్నాడు, తనూ నమ్మాడు. అక్క లేకపోతే ఆ వద్దనుకోవడానికి కూడా అర్థం లేకుండా పోతుంది.

ఆ సాయంత్రమే మొదటిసారి దేవుడితో మాట్లాడాడు. పెరట్లో, తలుపు దగ్గరికి వేసి, ఎవరో పిలిస్తే వినబడేంత దగ్గర్లో. తప్పు చేశాను స్వామీ, ఒక్కసారికి క్షమించు. క్షమించినట్టే అనిపించింది. భుజాల మీంచి ఏదో దిగిపోయింది, కళ్ళు చెమ్మగిల్లాయి, తిరిగి లోపలికి వస్తుంటే అడుగులు తేలిగ్గా పడ్డాయి. అంత సుఖం అంతకుముందు ఎన్నడూ ఎరగడు. రెండో ఉత్తరం వచ్చింది, మళ్ళీ అంతే. మూడోదానికి అతనికి ఒక క్రమం ఏర్పడింది: ఉత్తరం తను చదవడం, అక్కకి ఇంకోటి చదవడం, పెరట్లోకి వెళ్ళడం, తేలికవడం. కొన్నాళ్ళకి ఆ తేలిక కోసమే ఉత్తరం రావాలని ఎదురుచూశాడేమో అని కూడా అనుమానం. పాపం చెయ్యడానికి ధైర్యం ఎక్కడిదని అడిగితే ఏం చెబుతాడు? దేవుడిచ్చిందే. ఆయన క్షమిస్తాడన్న భరోసా లేకపోతే రెండోసారి నోరు లేచేది కాదు. అప్పుడు ఈ లెక్కన ఎవరిని ఎవరు చెడగొట్టినట్టు?

"అక్కయ్యగారికా బాబూ?"

పక్క బల్ల మీది ఆవిడ. ఇందాకటి నుంచి చెంగుతో విసురుకుంటూ ఇటే చూస్తోంది. అతను తలూపాడు.

"మా ఆయనకి. పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళయింది, నన్ను సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు కళ్ళు బాగుచేసి చూపిస్తారట. చూశాక మళ్ళీ కట్టు కట్టమంటాడేమో!" తన మాటకి తనే నవ్వుకుని, "నర్సమ్మ చెప్పింది మీ గురించి. ఈ కాలంలో తోడబుట్టినదాన్ని ఇలా కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళెవరండీ? దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు," అంది.

"చూస్తాడండీ," అన్నాడతను. గొంతు ఎంత నిండుగా పలికిందంటే ఆవిడ రెండు చేతులూ జోడించింది.

అదీ అసలు బాధ. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు. తమ్ముడంటే చింతగారయ్యా, అంటారు. ఎవరైనా ఒక్కరు వేలెత్తి చూపి ఉంటే, ఒక్కసారి పట్టుబడి ఉంటే. పట్టుబడనివాడికి దేవుడొక్కడే దిక్కు, ఆయనేమో ఎప్పుడూ ఔననే అంటాడు. లేక ఆ ఔను కూడా తన గొంతేనా? రెండో ఏడు, అక్క పీటమీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "రమ్మని రాయరా. నేను అన్నానని రాయి. నా నోటితో అన్నానని," అంది. కలం కాగితం తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. కలం గీరిన చప్పుడు ఆమె చెవి ఒగ్గి వింది. "రాశావా?" "రాశాను." "ఏదీ, చదువు." చదివాడు: తల్లీ, కోపం పోయింది, వచ్చెయ్యి. కాగితం మీద ఉన్నది: అమ్మ కోపం ఇంకా తగ్గలేదు, ఇప్పుడప్పుడే వద్దు. చెయ్యి ఒకటి రాసింది, నోరు ఇంకోటి చదివింది, రెండూ తడబడలేదు. అక్క ఆ నెలంతా ప్రతి మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుంది. బండి చప్పుడైతే మొహం అటు తిప్పేది. నెల తరవాత, "సెలవు దొరకలేదట అక్కా," అన్నాడు. ఆమె లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. గోడ మీద ఆమె చెయ్యి పడేచోట సున్నం జిడ్డుగా నల్లబడి ఒక గీత ఉండేది, గుమ్మం నుంచి మంచం దాకా. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు సున్నం వేసినా నెల తిరక్కుండా పైకి తేలుతుంది. ఆ సాయంత్రం కూడా పెరట్లోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం కూడా తేలికయ్యాడు. అదీ నమ్మలేని సంగతి.

అయిదో ఏటనో ఆరో ఏటనో ఆ తేలిక రావడం మానేసింది. పెరట్లో నిలబడి అవే మాటలు అన్నాడు, దిగాల్సింది దిగలేదు, దోమలు కుట్టాయి. ప్రార్థన మందిరంలో ప్రసంగాలు చెప్పే పెద్దాయన ఒకాయన రోజూ ఉదయం బస్సెక్కేవాడు. బస్సు ఆలస్యమైన ఒకరోజు అతనే మైకు గదిలోంచి కిందికి దిగి వెళ్ళి, ఎవరిదో సంగతి అన్నట్టుగా అడిగాడు: "ఒకే తప్పు పదేపదే చేస్తే దేవుడు ఎన్నిసార్లు క్షమిస్తాడండీ?" పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆయన తలుపు వెయ్యడు నాయనా," అన్నాడు. "అయితే భయం లేదన్నమాట." "తలుపు వెయ్యడన్నాను గానీ భయం లేదనలేదు. రోజూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయే కాళ్ళకి వెనక్కి పోవడమే బాగా తెలుస్తుంది. చివరికి లోపలికి రమ్మని పిలిచినా, ఆ కాళ్ళు తిరిగేది అటే." ఇంతలో బస్సొచ్చింది. పెద్దాయన మెట్టెక్కి, వెనక్కి తిరిగి, "మీ స్నేహితుడితో చెప్పండి, తప్పు ఎవరికి జరిగిందో వాళ్ళ గుమ్మం కూడా ఒకటుంటుందని," అన్నాడు. స్నేహితుడట. ఆయనకి తెలిసిపోయిందా? తరవాత ఆయన ఎక్కే బస్సు వేళకి తను గదిలోంచి బయటికి రావడం మానేశాడు.

పదీ నలభై. చొక్కా జేబులో కాగితం ఛాతీకి గుచ్చుకుంటోంది. గుచ్చుకునేదేం కాదు, మామూలు కవరు. రెండేళ్ళ క్రితం వచ్చింది. అదే ఆఖరుది. అంతకు ముందు ఉత్తరంలో అమ్మాయి ఒక వాక్యం రాసింది, మామయ్యా, అమ్మ కోపం ఎప్పుడూ ఒకే మాటల్లో ఎందుకుంటుంది, అని. అమ్మాయికి అనుమానం తగిలిందని అది చదివాక తెలిసింది. ఆ తరవాత నెలకి ఈ కవరు వచ్చింది, ఎప్పటికంటే బరువుగా. విప్పలేదు. మైకు కింద సొరుగులో, తుడిచే గుడ్డ కింద పెట్టాడు. విప్పకపోతే తెలియదు, తెలియకపోతే దాచినట్టు కాదు. అంత సన్నని దారం మీద రెండేళ్ళు నడిచాడు. ఇంకో ఉత్తరం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇంకో నెలా రాలేదు. అక్క అడిగింది. అప్పుడు గోడ మీది టైంటేబులు చింపాడు. ఇవాళ పొద్దున్న ఇటు వస్తూ బస్టాండుకి వెళ్ళి, సొరుగు తెరిచి, కవరు జేబులో వేసుకున్నాడు. ఎందుకో తెలియదు. మునిగేవాడు గడ్డిపరక పట్టుకుంటాడంటారు, రాయిని పట్టుకునేవాళ్ళు కూడా ఉంటారు.

వేలు పెట్టి చించాడు. పాత జిగురు పొడిపొడిగా రాలింది. అమ్మాయి దస్తూరీ, గుండ్రంగా, కుడివైపుకి ఒరిగి.

మామయ్యా, ఇది అమ్మకి కాదు, నీకే. ఏడేళ్ళుగా అమ్మ మాటలని నీ దస్తూరీలో చదువుతున్నాను. అవి అమ్మవి కావని అనుమానం వచ్చి చాలాకాలమైంది. అమ్మ తిడితే పూర్తిగా తిడుతుంది మామయ్యా, ఇంత మర్యాదగా కోప్పడడం ఆవిడకి చేతకాదు. నిన్ను నిలదియ్యడానికి రాయడం లేదు. మీ ఇద్దర్నీ వదిలి వెళ్ళింది నేను, ఆ ఇంట్లో మిగిలింది నువ్వు. నువ్వేం చేశావో, ఎందుకు చేశావో అడగను. అమ్మకి ఎప్పటికీ చెప్పను. మాటిస్తున్నాను. ఒక్కసారి, ఒక్క ఉత్తరం, ఉన్నదున్నట్టు చదివి వినిపించు. ఆవిడ ఏమంటే అది రాయి, తిట్టినా సరే. నెలాఖరుకి నేను ఈ ఊరు వదిలిపోతున్నాను. నీ జవాబొస్తే కొత్త చిరునామా పంపుతాను. రాకపోతే అమ్మే వద్దనుకుందని అనుకుంటాను. ఇంక రాయను. రోజూ పోస్టు చూస్తుంటాను మామయ్యా.

రెండోసారి చదవలేదు. మైకులో చెప్పేవాడు దేన్నీ రెండోసారి చదవడు. క్షమాపణ ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలిసింది. పెరట్లో ఆకాశం వంక చూస్తూ వేడుకున్నాడు, అదేమో సొరుగులో తుడుపుగుడ్డ కింద, స్టాంపు వేసుకుని, తన పేరు రాయించుకుని, తను రోజుకి ముప్ఫై సార్లు చింతిస్తున్నామని చెబుతున్న మైకుకి జానెడు దూరంలో కూర్చుంది. దేవుడు ఇవ్వలేదని అనడానికి లేదు. పోస్టులో పంపాడు. తను విప్పలేదు. నెలాఖరు వచ్చి వెళ్ళిపోయింది, ఆ తరవాత ఇరవై నాలుగు నెలాఖర్లు. ఇప్పుడు ఆయన ఎంత క్షమించినా ఆ ఇంటి తలుపు తట్టితే తెరిచేది వేరెవరో. అమ్మాయి పోస్టు చూడడం ఏ రోజున మానేసి ఉంటుంది? నెలాఖరునా? ఇంకో వారం ఆగి ఉంటుందా? బళ్ళో సామాను ఎక్కించాక కూడా ఒకసారి గేటు దాకా వెళ్ళి చూసి ఉంటుందా?

"రండి, డాక్టరుగారొచ్చారు," అంది నర్సు.

గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఒక్క కిటికీ మాత్రం ఓరగా తెరిచారు. మంచం మీద అక్క నిటారుగా కూర్చుంది, ఫొటో తీయించుకోబోతున్నట్టు. డాక్టరు కట్టు ఒక్కో చుట్టూ విప్పి, దూది తీసి, "నెమ్మదిగా తెరవండమ్మా," అన్నాడు. ఎర్రగా, తడిగా, కన్ను తెరుచుకుంది. డాక్టరు చెయ్యి పైకెత్తాడు. "ఎన్ని వేళ్ళు?"

"వేళ్ళా అవి? పొగలా ఉన్నాయి. ఆగు... మూడు. మూడేనా?"

"మూడే. భేష్! మసక మెల్లిగా తగ్గుతుంది. చదవడం మాత్రం ఇప్పట్లో కాదు, నాలుగైదు నెలలు పడుతుంది, అద్దాలు ఇచ్చాకే. కన్ను నలపకూడదు, నీళ్ళు తగలకూడదు."

"ఏడవకూడదు కూడానమ్మా, కుట్లున్నాయి," అంది నర్సు.

నాలుగైదు నెలలు. అతని భుజాల మీంచి ఏదో దిగిపోయింది. ఎంత పరిచయమైన తేలిక! మూడు నాలుగేళ్ళుగా మొహం చూపించనిది, ఇవాళ పిలవకుండానే వచ్చి నిలబడింది. నాలుగైదు నెలల్లో పై కాగితాలు తీసెయ్యచ్చు, కిందివి తిరగరాయచ్చు. అలా అనుకుంటున్నది తనేనని గమనించేలోపే సగం అనుకోవడం అయిపోయింది.

డాక్టరు పక్క గదికి వెళ్ళాడు. అక్క మొహం ఇటు తిప్పి కన్ను చికిలించింది. "నువ్వేనా అది? నల్లబడ్డావో, నాకే నల్లగా కనబడుతున్నావో. జుట్టేదిరా?"

"పోయింది అక్కా."

"ఎప్పుడు?"

"నాలుగైదేళ్ళయింది."

"ఒక్కమాట చెప్పలేదే!" అని నవ్వింది. నవ్వుతూ చెయ్యి చాచి, అలవాటుగా గాలిలో వెతికి, అతని మణికట్టు పట్టుకుంది. "డబ్బా తెచ్చావా? ఇలా ఒళ్ళో పెట్టు. కొత్తదేమైనా వచ్చిందా?"

"వచ్చింది."

"మరి చదవవేం? డాక్టరు నన్ను చదవద్దన్నాడు గానీ విననూ వద్దన్నాడా?"

కాగితం చేతిలోనే ఉంది. చదివేద్దామనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు, ఈసారి నిజంగానే అన్నదాని అడుగు కాలికి తగిలింది. ఊపిరి తీసుకున్నాడు, మామయ్యా అన్న మొదటి మాట నాలుక చివర దాకా వచ్చింది. "అమ్మా, నేను కులాసా," అంది గొంతు. "ఇక్కడ వానలు మొదలయ్యాయి. పని ఎక్కువగా ఉంది. సెలవు..." నిండుగా, ఎక్కడా తడబడకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ సాగిపోతోంది. అతను దాని పక్కన నిలబడి వింటున్నాడు. ఆపడం ఎలాగో తెలియలేదు. టేపు ఆపే మీట అక్కడెక్కడో బస్టాండులో ఉంది.

"ఆగు," అంది అక్క.

ఆగింది.

"కాగితం చేతిలో ఉంటే, కిటికీ వైపు చూస్తూ చదువుతావేంట్రా?"

నర్సు కిసుక్కున నవ్వింది. "అలవాటేమోనమ్మా, మైకులో చెప్పేవారు కదా."

అక్క నవ్వలేదు. ఎర్రగా, తడిగా, ఎవరిదో కన్ను అతని మొహం మీద ఆగి ఉంది. దానికి మసక తప్ప ఏమీ కనబడదని డాక్టరు చెప్పాడు. కానీ ఎదుటివాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియడానికి ఆ మసక చాలు. తొమ్మిదేళ్ళుగా అతను అక్క ముందు కూర్చుని కిటికీ వైపు, గోడ మీది గీత వైపు, తన కాళ్ళ వైపు చూస్తూ చదివాడు. కాగితం వైపు చూడాలన్న సంగతే మరిచిపోయాడు. గుడ్డిది ఆమె, చూడడం మరిచింది తను. తల దించాడు. అమ్మాయి అక్షరాలు కుడివైపుకి ఒరిగి, వరసగా, వేచి ఉన్నాయి.

"ఇది నాకు రాసింది అక్కా," అన్నాడు. ఆ గొంతు ఎవరిదో అతను పోల్చుకోలేకపోయాడు, బొంగురుగా, చిన్నగా ఉంది. "రెండేళ్ళ కిందట."

మణికట్టు మీద చెయ్యి కదలలేదు. అతను చదివాడు. కాగితం మీంచి కళ్ళు ఎత్తకుండా, మాట మాటకీ తడబడుతూ, బడిలో కొత్తగా చేరినవాడిలా చదివాడు. రోజూ పోస్టు చూస్తుంటాను మామయ్యా, అన్న దగ్గర అయిపోయింది. ఇంకా ఏదైనా ఉంటే బాగుండునని వెనక్కి తిప్పి చూశాడు. ఏమీ లేదు.

"ఇప్పుడెక్కడుందిరా అది?"

"తెలియదు అక్కా."

గాటున్న ఆ చెయ్యి అతని మణికట్టుని వదిలి, వెనక్కి వెళ్ళి, ఒళ్ళోని డబ్బా మూత మీద వాలింది. నర్సు ఒకసారి ఆమెనీ ఒకసారి అతన్నీ చూసి, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. క్షమించు అక్కా, అనబోయాడు. పెదవుల దాకా వచ్చిన ఆ మాటని చూసి అతనికే భయం వేసింది. అది ఎంత నున్నగా ఉందో, ఎన్నిసార్లు వాడిందో. మింగేశాడు.

అక్క మూత తీసింది. వేళ్ళతో పై కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది, ఏవి ఏమిటో ఎప్పటి నుంచో తెలిసినట్టు కాదు, ఇప్పుడే తెలుస్తున్నట్టు. రుద్ది చూసి, పక్కన పెట్టి. మందపాటివి అయిపోయాయి. సన్నటివి వచ్చాయి. వాటినీ దాటి, అట్టడుగున, అంచులు మెత్తబడిపోయినదాన్ని బయటికి లాగి అతని వైపు చాచింది. అతనికి అందించలేదు. మంచం అంచున పెట్టింది.

"మొదటి నుంచి చదువు," అంది. "దాన్లో ఉన్నదే చదువు."

అతను తీసుకున్నాడు. అమ్మా, నేనన్న మాటకి నన్ను క్షమించు. కూతురి మాట తొమ్మిదేళ్ళకి తల్లి చెవిన పడింది, దారిలో చిక్కుకున్న బస్సులా, దిగవలసినవాళ్ళందరూ దిగిపోయాక. అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కుట్లున్నాయని ఆమెకి గుర్తుంది. కన్ను ఆర్పకుండా, ఓరగా తెరిచిన ఆ వెలుతురులోకి చూస్తూ, తడి రానివ్వకుండా పట్టుకుని కూర్చుంది. అతను చదువుతూ పోయాడు. ఒక ఉత్తరం అయ్యాక ఇంకోటి. ఒక్కోటి అయినప్పుడల్లా మణికట్టు మీద చెయ్యి పడుతుందేమోనని ఒక క్షణం ఆగేవాడు. పడేది కాదు. తరవాతి కాగితం తీసుకుని, తల దించి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.